మాట ముందా, ముఖం ముందా

పైడిరాజు జ్వరం నుంచి లేచాడు గాని, లేచినవాడు ఆ ఇంటివాళ్ళకు తెలిసిన పైడిరాజు కాదు.

మెదడుకు పట్టిన జ్వరం అది. విశాఖపట్నంలో ఆసుపత్రివాళ్ళు వారాల తరబడి తిప్పలు పడి ప్రాణం నిలబెట్టారు. ప్రాణం దక్కిందన్న సంబరంలో, దానితో పాటు దక్కనివి ఏమిటో మొదట ఎవరూ చూసుకోలేదు. భార్య ఈశ్వరి మంచం మీదికి వంగి "ఎలగుంది?" అని అడిగితే, అతను ఆమె పెదవులు కదలడం చూశాడు. ఏదో చప్పుడు అవుతోందని తెలిసింది, అంతే. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడా అతనికేమీ దొరకలేదు. ఆరేళ్ళ కూతురు కిన్నెర పరుగున వచ్చి మెడ వాటేసుకుంటే ఉలిక్కిపడి గోడవారకు జరిగాడు. ఆ పిల్ల బిత్తరపోయి తల్లి వెనక దాక్కుంది.

కిరండూల్ నుంచి ఇనుపరాయి నింపుకుని అనంతగిరి కొండల మీదుగా దిగివచ్చే గూడ్సు బళ్ళు నడిపేవాడు పైడిరాజు. డ్రైవర్లలో అతనంతటి మాటకారి లేడని పేరు. ఏ సొరంగంలో ఎవరికి దెయ్యం కనబడిందో, ఏ స్టేషన్‌మాస్టరు పెళ్ళి ఎలా చెడిందో, అతను చెబుతుంటే పక్కన కూర్చున్న అసిస్టెంటుకు కునుకు పట్టేది కాదు. అలాంటివాడు కొత్తవలస రైల్వే క్వార్టర్సులో కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, నోట మాట లేకుండా, ఇంట్లో తిరిగేవాళ్ళను సత్రంలో సాటి ప్రయాణికులను చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు.

అతని అక్క పేరు నాగావళి. ఆ ఏటి ఒడ్డున పుట్టిందని ఆ పేరు పెట్టారు. తల్లి చిన్నతనంలోనే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. పెళ్ళి చేసుకోలేదు. విశాఖలో సముద్రానికెదురుగా కొండ మీద ఉన్న ఒక పరిశోధన సంస్థలో గణితం ఆవిడ ఉద్యోగం. ఆవిడ విద్యను క్వాంటమ్ కోహోమాలజీ అంటారు. పేరు జడిపించేలా ఉన్నా పని మాత్రం లెక్కపెట్టడమే. ఒంపులు తిరిగిన ఒక ఆకారం ఉంది, దాని మీద ఫలానా ఫలానా చోట్లను తాకుతూ పోయే వక్రరేఖలు ఎన్ని? జీవితంలో సగం ఆవిడ వాటిని లెక్కపెడుతూనే గడిపింది.

పక్కగది భౌతికశాస్త్రవేత్త ఆశీర్వాదానిది. కణాల మధ్య బలాలను వివరించే గేజ్ సిద్ధాంతంలోని ఆకారాల నుంచి పుట్టే బీజగణితాలు అతని లోకం. అక్కడ ఉండేవి సంఖ్యలు కావు, క్రియలు. ఇది జరుపు, అది తిప్పు, దాని తర్వాత ఇది చెయ్యి అని చెప్పే ఆజ్ఞల్లాంటివి. కొన్నేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నాగావళి టీ కప్పుతో అతని గదిలోకి వెళ్ళి, బోర్డు మీది వరసను చూసి నిలబడిపోయింది.

"ఇవి నా సంఖ్యలు. నీ దగ్గరికెలా వచ్చాయి?"

"మీవేంటండీ? పొద్దుట్నించీ చెమటోడ్చి తీశాను."

పోట్లాటలాగే మొదలయింది. సాయంత్రానికి ఇద్దరూ నేల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నారు. అతని క్రియ ఒక్కటి జరిగితే ఆవిడ లెక్క ఒక్క మెట్టు కదులుతోంది. ఆవిడ ఆకారాల మీద అతని బీజగణితం, గుర్రం మీద రౌతులా, సవారీ చేస్తోంది.

ఆ సంగతి పుస్తకాల్లోనే ఉండిపోయేదేమో. కాని, జబ్బుపడ్డ మెదడులో నరాల దారులు చిక్కుపడే తీరు ఆవిడ లెక్కపెట్టే ఆకారాల్లాంటిదేనని ఇంకొకరెవరో చూపించారు. దారులు మూసుకుపోయినచోట ఏ క్రియలు ఏ వరసలో జరిపితే దారి తెరుచుకుంటుందో ఆశీర్వాదం బీజగణితం చెప్పగలదు. అయస్కాంతపు తాకిళ్ళతో ఆ క్రియలు జరిపే యంత్రాన్ని అతనే కట్టాడు. బోర్లించిన గంపలా ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని గంప అనేవాళ్ళు. దారులు ఒక్కచోటే ముడిపడిన రోగులు కొందరు దాని కింద పడుకుని బాగై లేచి వెళ్ళారు. చెయ్యి పడిపోయిన దర్జీ మళ్ళీ కత్తెర పట్టాడు.

రెండు ముళ్ళున్న మనిషి మాత్రం ఇంతవరకు దాని కిందికి రాలేదు. వచ్చిన మొదటివాడు నాగావళి తమ్ముడే అయ్యాడు.

పైడిరాజు మెదడు చిత్రాలు తెచ్చి లెక్క కట్టారు. మాట ముడి విప్పడానికి ఒక క్రియ, ముఖాల ముడి విప్పడానికి ఇంకొకటి. రెండూ ఒకేసారి కుదరవు. ఏది ముందు అన్నది తేలాలి.

"వరస మారిస్తే తేడా వస్తుంది, అది మనకు తెలిసిందే. అయినా చాలా చిన్నదండీ" అన్నాడు ఆశీర్వాదం.

"చిన్నదేలే. ఎక్కడ పడుతుంది?"

అది ఆవిడ లెక్కకే తెలియాలి. నాగావళి ఇంటికి కూడా సరిగా పోకుండా ఆ చిన్న తేడా వెంటబడింది. తేలినరోజు ఆవిడ కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికి పోయి, సముద్రాన్ని చాలాసేపు చూస్తూ నిలబడింది.

ముఖాలు ముందు విప్పి తర్వాత మాట విప్పితే, ఆ తేడా మాట మీద పడుతుంది. అతను అందర్నీ గుర్తుపడతాడు, మాట మాత్రం పసిపిల్లల ముద్దమాటలకు మించి రాదు. ఆలోచన కూడా ఆ కొద్దిమాటల మేరకే సాగుతుంది. మాట ముందు విప్పి తర్వాత ముఖాలు విప్పితే, తేడా జ్ఞాపకాల్లో పడుతుంది. మాట మునుపటిలాగే ఉంటుంది, మనిషి మునుపటిలాగే ఉంటాడు. పాత ముఖాలన్నీ తెలుస్తాయి. కాని ఇటీవలి ఏళ్ళు కొట్టుకుపోతాయి. పెళ్ళి జరిగిందీ, కూతురు పుట్టిందీ ఆ ఏళ్ళలోనే.

ఒకసారి ఒక ముడి విప్పాక వరస మార్చడం లేదు. వానలు పడేలోగా చెయ్యకపోతే ముళ్ళు బిగిసిపోతాయి, ఆ తర్వాత గంపకు కూడా లొంగవు.

ఈ కబురు ఈశ్వరికి చెప్పడానికి నాగావళి కొత్తవలస వెళ్ళింది. ఈశ్వరి వంటింట్లో కందిపప్పు కడుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాగావళి ఆ గిన్నెనే చూపించింది.

"పప్పు ఉడికాక చింతపండు పులుసు పోస్తావు కదా. ముందే పోస్తే?"

"పప్పు ఉడకదు. రాయిలాగుండిపోతాది."

"సరుకులు అవే. అయినా ముందూ వెనకా అయితే వంట మారిపోయింది. రాజు విషయంలో కూడా అంతే, ఈశ్వరీ." అని ఉన్నదున్నట్టు చెప్పింది.

ఈశ్వరి చెయ్యి పప్పునీళ్ళలో ఆగిపోయింది. విన్నదంతా విని, "ఇందులో ఆలోచించడానికేటుంది వదినా? ముఖాలు ముందు. మాటలు తక్కువైతే నాను నేర్పుకుంటాను" అంది.

"మనం ఒకసారి వాణ్ణి అడగాలేమో."

"ఆయన్నా? మాట తెలీని మనిషిని ఎలగడుగుతావు?"

చిక్కంతా అక్కడే ఉంది. అతన్ని అడగాలంటే ముందు మాట విప్పాలి. మాట విప్పారంటే వరస ఖాయమైపోయినట్టే. నీకేం కావాలి అని అడగడమే ఒక జవాబును శాశ్వతంగా మూసేస్తుంది. నాగావళి ఆ సంగతీ దాచలేదు.

"వాడు మాటల మనిషి ఈశ్వరీ. నాలుగు ముద్దమాటలతో వాణ్ణి బతకమంటే..."

ఈశ్వరి గిన్నె దించి పక్కన పెట్టింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీ ముఖం ఎలగూ ఉంటాది వదినా. నీది పాత ముఖం కాదేటి? పోయేది నాదీ, నా గుంటదీ."

నాగావళి సంచీ అందుకుని స్టేషనుకు బయల్దేరింది. రైల్లో తిరిగివస్తూ దారి పొడుగునా తనను తానే నిలదీసుకుంది. మాట ముందు అనడంలో తమ్ముడి మేలు ఎంత, తన స్వార్థం ఎంత? మళ్ళీ ఒకసారి వాడి నోట, చిన్నప్పట్నించీ అక్కను పిలిచే "అప్పా" అన్న పిలుపు వినాలన్న ఆశ కాదా ఇది? లెక్కలో తేడా ఎక్కడ పడిందో తేల్చగలిగింది గాని, మనసులో ఎక్కడ పడిందో ఆవిడకు తేలలేదు. మర్నాడు ఆశీర్వాదంతో, "ఈశ్వరి చెప్పినట్టే చేద్దాం. భార్య ఆవిడ" అంది. ముఖాలు ముందు అని గంపకు వరస కూడా కట్టేశారు.

గంప కిందికి తీసుకెళ్ళడానికి కొద్దిరోజుల ముందు, పైడిరాజు అన్నం ముట్టడం మానేశాడు. పళ్ళెం తోసేసేవాడు. ఈశ్వరి బతిమాలితే ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చూపించబోయేవాడు. నోరు తెరిచి చప్పుళ్ళేవో చేసేవాడు. జబ్బు ముదురుతోందనుకుంది ఆమె. కోపం కూడా వచ్చింది, ఒకసారి పళ్ళెం ఠక్కున నేల మీద పెట్టింది. స్నానం చేయిస్తున్నప్పుడు చెంప తగిలి అతను కీచుమని అరిచాడు. దగ్గరికి తీసి చూస్తే చెంప లోపల గట్టిగా వాచి ఉంది. నోరు తెరిపించింది. దవడపన్ను నల్లబడి, దాని కింద చీము పట్టి ఉంది.

పళ్ళడాక్టరు పన్ను పీకి, "ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నాడమ్మా?" అన్నాడు.

ఈశ్వరి క్లినిక్ మెట్ల మీదే కూర్చుని నాగావళికి ఫోన్ చేసింది. ముందు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని మాట్లాడింది.

"వదినా, నొప్పేస్తందని కూడా చెప్పుకోలేపోయినాడు. పక్కనే ఉన్నాను, నాకు తెల్లేదు. నాను కసిరినాను కూడా. నా ముఖం గుర్తుంటే మాత్రం ఆయనకేటి సుఖం? నోరు ఆయనది. ఆయన నోరు ఆయనకిచ్చీండి ముందు."

"తర్వాత వెనక్కి తిప్పలేం, ఈశ్వరీ."

"తెలుసు. అయినా ఇచ్చీండి."

గంప కింద పైడిరాజు మధ్యాహ్నం దాకా పడుకున్నాడు. అద్దం ఇవతల ఆశీర్వాదం ఒక్కొక్క తాకిడీ పంపుతుంటే నాగావళి తెరమీద తన అంకెలు మెట్టు మెట్టు కదలడం చూసింది. సున్నా దగ్గర పడి ఉన్న లెక్క లేచింది. ఒక దారి, ఇంకొక దారి, ఆపై గుంపులుగా. జీవితమంతా కాగితం మీద చూసిన అందమే అది. అప్పుడు మాత్రం ఆవిడకు అందం కనబడలేదు, తమ్ముడి కాలివేళ్ళు కదులుతున్నాయా అనే చూస్తూ కూర్చుంది.

గంప ఎత్తారు. పైడిరాజు కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు. నాలుకతో దవడ మూల తడుముకున్నాడు.

"ఆ పన్ను పీకించినోళ్ళెవరో," అన్నాడు మెల్లగా, బొంగురుగా, "ఆళ్ళకి దండం."

ఈశ్వరి నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. ఆ చప్పుడుకు అతను తల తిప్పాడు. ఆమె ముఖం మీద అతని చూపు ఎవరో పరాయి మనిషి మీద వాలినట్టే వాలింది. "నానే" అని ఆమె అనగానే అతని ముఖమంతా విచ్చుకుంది.

"ఈశ్వరీ! నువ్వా? ఇన్నాళ్ళూ ఎక్కడికెల్లిపోనావు?"

"ఎక్కడికీ పోలేదు. ఇక్కడే ఉన్నాను."

కిన్నెర ఇంకా దూరంగానే నిలబడింది. గోడవారకు జరిగిన తండ్రిని ఆ పిల్ల మరిచిపోలేదు. నాగావళి వెన్ను తట్టి ముందుకు తోస్తే, గొణిగినట్టు "నాన్నా" అంది. పైడిరాజు కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు మూసుకుని చేతులు చాచాడు. చూపు అడ్డం లేకపోతే ఆ గొంతు ఎవరిదో అతనికి బాగా తెలుస్తోంది.

రెండో ముడి సంగతి అతనికి చెప్పవలసింది నాగావళే. దాచకుండా చెప్పింది. రెండో క్రియ జరిపితే ముఖాలొస్తాయి, మళ్ళీ ఇంజనెక్కవచ్చు, కాని ఈ ఏళ్ళు పోతాయి. జరపకపోతే ఏళ్ళుంటాయి, ఇక ఎప్పటికీ ఏ ముఖమూ గుర్తుండదు. ఆ లోపంతో ఇంజను ఎక్కనివ్వరు.

అంత మాటకారీ ఒక్కొక్క మాటే ఏరుకుంటూ అడిగాడు.

"ఏళ్ళు పోడమంటే? ఈ గుంట గొంతు కూడా?"

"గొంతూ తెలీదురా. ఎవరి పిల్ల అని అడుగుతావు."

"మళ్ళా కొత్తగా తెలుసుకోలేనేటి?"

"తెలుసుకుంటావు. ఇప్పుడున్నవి మాత్రం రావు."

అతను ఈశ్వరి వైపు తిరిగాడు. "నువ్వేటంటావు?"

ఈశ్వరి పెదవి కొరుక్కుంది. ముఖాలు ముందు అని పట్టుబట్టిన మనిషే ఇప్పుడు, "బండి నడపకుండా నువ్వుండలేవు. నాకు తెలుసు. చేయించుకుంటే చేయించుకో. మళ్ళీ పెళ్ళిచూపులకొచ్చినట్టు రా. నాను ఒప్పుకుంటాను" అంది.

పైడిరాజు నవ్వబోయాడు, నవ్వు సగంలో విరిగిపోయింది. కొండలు దిగే బండి, సొరంగాలు, వానకు తడిసి మెరిసే పట్టాలు, వాటి గురించి ఆ సాయంత్రమంతా చెప్పుకున్నాడు. అవి ఇష్టమైన సంగతులుగా చెబుతున్నాడనుకున్నారు ముందు. వీడ్కోలు చెబుతున్నాడని నాగావళికి ఆలస్యంగా తెలిసింది.

"అప్పా," అన్నాడు చివర, "ఇంక ఆ గంప నాకొద్దు. ఇక్కడితో ఒగ్గీ."

ఆశీర్వాదం మంచివాడే. అయినా ఆ మాట వినగానే అతని ముఖం మాడిపోయింది. రెండు ముళ్ళ మీద తమ బీజగణితం నిజమో కాదో తేలే అవకాశం చేతికందాక జారిపోయింది. అలాంటి రోగి మళ్ళీ ఎప్పుడు దొరుకుతాడో!

"నాగావళి గారూ, మీరొక్కమాట చెబితే వింటాడేమో. మన పని సగంలో ఆగిపోతోందండీ."

"ఆగనీ."

"ఇరవయ్యేళ్ళ పని మీది."

"నాకు తెలుసు. వాడికి ఒక ముడి ఉంది, అది వాడు ఉంచుకుంటానన్నాడు. మన లెక్కలో ఆ దారి లేకపోవడం మన తప్పు." అని, "నాకూ బాధగానే ఉంది ఆశీర్వాదం. లేదనను" అంది. అతను తల ఊపి గంపకు గుడ్డ కప్పాడు.

వానలు వచ్చాయి. ముడి బిగిసింది. రైల్వేవాళ్ళు పైడిరాజుకు కంట్రోలు ఆఫీసులో పని ఇచ్చారు. అక్కడ డ్రైవర్లూ స్టేషన్‌మాస్టర్లూ ఫోనులో గొంతులుగానే ఉంటారు కాబట్టి అతనికి లోటేమీ తెలియలేదు. ఆఫీసు బయట మాత్రం లోటు తెలిసేది. పాత స్నేహితులు పలకరించకుండా దాటిపోయాడని నొచ్చుకునేవాళ్ళు. అద్దంలో ఎవరో మీసాలాయన నిలబడి ఉన్నాడని గెడ్డం గీసుకుంటూ నవ్వేవాడు, ఆ నవ్వు ఈశ్వరికి నచ్చేది కాదు. నాగావళి వచ్చినప్పుడు గుమ్మంలోంచే "రాజూ" అనేది. నోరు తెరవకుండా లోపలికి అడుగు పెట్టడానికి ఆవిడకు ధైర్యం చాలేది కాదు.

మరుసటి వేసవిలో ఒక సాయంత్రం ఆవిడ అక్కడికి వెళ్ళేసరికి ఇంట్లో చిన్న గొడవ నడుస్తోంది. కిన్నెరకు ఏదో తగువులో తండ్రి చివాట్లు పెట్టాడు. ఆ పిల్ల మూతి ముడుచుకుని క్వార్టర్సు మైదానంలోకి పోయింది. చీకటి పడేలా ఉంది, పిలుచుకురమ్మని ఈశ్వరి అతన్ని పంపింది. వదినా మరదళ్ళు వరండాలో నిలబడి చూస్తున్నారు.

మైదానంలో పిల్లలు గుంపుగా ఉన్నారు. పైడిరాజు "కిన్నెరా!" అని కేకేశాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. గుంపు మధ్యలో ఆ పిల్ల కదలకుండా నిలబడి ఉండడం వరండాలో ఇద్దరికీ కనబడుతోంది. పెదవులు బిగబట్టి, కళ్ళార్పకుండా తండ్రినే చూస్తోంది. కావాలనే పలకలేదు. తన దగ్గరున్న ఆయుధం ఏమిటో ఆ పిల్ల ఆరోజే కనిపెట్టింది.

పైడిరాజు పిల్లల మధ్యకు వచ్చాడు. వంగి ఒక్కొక్క ముఖంలోకి చూశాడు. ఒక పిల్ల, ఇంకొక పిల్ల. కిన్నెర ముందుకు వచ్చి ఆగాడు. అంత దగ్గర్నుంచి చూశాడు. "అమ్మా, మా కిన్నెరని చూసినావేటి?" అని ఆ పిల్లనే అడిగాడు.

నాగావళి కేక వేయబోయింది. ఈశ్వరి ఆవిడ మణికట్టు పట్టుకుంది. "ఉండు వదినా. కూతురితో ఆయన తిప్పలు ఆయన్ని పడనీ." కళ్ళు మాత్రం కూతురి మీది నుంచి తిప్పలేదు.

జవాబు రాకపోయేసరికి పైడిరాజు ఆ పిల్లను దాటి పక్క ముఖంలోకి వంగాడు. తర్వాత నడుం పట్టుకుని నిటారుగా లేచి, రైలుపట్టాల వైపు చూశాడు. ఈసారి అతని కేకలో భయం ఉంది.

"నాన్నా!"

అతను గిరుక్కున తిరిగాడు. పరుగున వచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఇక్కడే ఉన్నావేటే? ఎంతసేపు తిరిగినాను! నా కాళ్ళు పీకుతన్నాయి."

అతని కోపం కోపంగా నిలవకముందే కిన్నెర భోరున ఏడ్చింది. ఎందుకేడుస్తోందో అతనికి అర్థం కాలేదు, నాను తిట్టింది గట్టిగా తగిలిందేటి అనుకుని వీపు నిమిరాడు. ఆ పిల్ల ముక్కు తుడుచుకుని అతని వేలు పట్టుకుంది. అక్కడ్నించి మాటలు మొదలుపెట్టింది. బళ్ళో ఏం జరిగిందో, ఎవరి కుక్క ఈనిందో, చెప్పులు ఎక్కడ తెగాయో. ఒకటయ్యాక ఒకటి, ఊపిరి తీసుకోకుండా, ఇల్లు చేరేదాకా ఆ పిల్ల నోరు మూయలేదు.